సీటు వచ్చింది, చేర్చమని చెప్పనా వద్దా? పేదల పేటల్లో చార్టర్ బడుల మీద చర్చ

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టు, కాస్త ఓపిగ్గా చదవండి. నేను న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పారాగా పనిచేస్తున్నాను, అంటే క్లాసులో టీచర్‌కి తోడుగా ఉండి వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని చదివించే పని. ఆరేళ్ళయింది. మా ఎదురు ఫ్లాట్‌లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన ఒకావిడ ఉంటుంది. రాత్రుళ్ళు ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళను చూసుకుంటుంది, ఒక్కతే కూతురు, ఆ పిల్ల సెప్టెంబర్‌లో కిండర్‌గార్టెన్‌లో చేరాలి. ఏప్రిల్ లాటరీలో దానికి చార్టర్ స్కూల్లో సీటు తగిలింది. మొన్న సాయంత్రం ఆవిడ ఆ కాగితం పట్టుకుని మా తలుపు కొట్టి, "నువ్వు బళ్ళోనే పనిచేస్తావు కదా, నువ్వు చెప్పు, చేర్చనా వద్దా" అని అడిగింది. నాకు వెంటనే నోట మాట రాలేదు.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. చార్టర్ బడి అంటే డబ్బు ప్రభుత్వానిది, నడిపేది వేరే బోర్డు. ఫీజు ఉండదు. ఎంట్రన్స్ పరీక్ష పెట్టకూడదు, సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. లోకల్ విద్యాశాఖ నియమాల్లో చాలావాటి నుంచి వాళ్ళకు మినహాయింపు ఉంటుంది, బదులుగా కొన్నేళ్ళకోసారి లైసెన్స్ రెన్యువల్‌కి ఫలితాలు చూపించాలి. 1991లో మిన్నెసోటాలో మొదటి చట్టం వచ్చింది, న్యూయార్క్‌లో 1998 చివర్లో. ఇప్పుడు ఈ నగరంలో ప్రభుత్వ డబ్బుతో చదివే పిల్లల్లో దాదాపు 15% మంది వీటిలోనే ఉన్నారు, అందులో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుటుంబాల పిల్లలు, పేదవాళ్ళు.

మా బిల్డింగ్‌లోనే ఒక చార్టర్ ఉంది. పేరు చెప్పను. పై రెండు అంతస్తులు వాళ్ళవి, కింది రెండూ మావి. మెట్లు వేరు, గేటు వేరు, భోజనాల గది మాత్రం ఒకటే కాబట్టి వంతులు వేసుకున్నాం, మా చిన్నపిల్లలకు 10:20కే అన్నం పెట్టేస్తాం. వాళ్ళ వరండా అద్దంలా మెరుస్తుంది. మా వరండాలో ఒకచోట సీలింగ్ ముక్క ఊడి రెండేళ్ళయింది. ఒకే కప్పు కింద రెండు బడులు, మా పిల్లలు మెట్ల దగ్గర తలెత్తి పైకి చూస్తుంటారు.

నన్ను బాగా కలవరపెట్టింది ఇది కాదు. పోయిన నవంబర్‌లో పైనుంచి ఒక పిల్లాడు మా రెండో తరగతికి వచ్చాడు. నేనే వాడి పక్కన కూర్చునేదాన్ని. చాలా చురుకైనవాడు, కూడికలు నోటితోనే చెప్పేసేవాడు. కానీ చేతులు రెండూ బల్ల మీద కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, టీచర్ ఎటు నడిస్తే అటు తల తిప్పుతూ కూర్చునేవాడు. రబ్బరు తీసుకుని తప్పు చెరుపుకోవడానికి కూడా చెయ్యెత్తి అడిగేవాడు. "అడగక్కర్లేదు నాన్నా, చెరుపుకో" అని ఎన్నిసార్లు చెప్పానో. సంక్రాంతి దాటాక గానీ ఆ అలవాటు పోలేదు. ఎందుకు వచ్చేశారని వాళ్ళమ్మను అడిగితే, వారానికి రెండు మూడుసార్లు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమనేవారని, అలా అయితే తన ఉద్యోగం పోయేలా ఉందని చెప్పింది. "వెళ్ళిపోండి" అని ఎవరూ అనలేదట. ఆవిడే విసిగిపోయి టీసీ తీసుకున్నట్టు తీసుకుంది.

అలాగని మరోవైపు చూడకుండా ఉండలేను. పైన ఒకటో తరగతి పిల్లలు చదివే పుస్తకాలు మా దగ్గర మూడో తరగతి పిల్లలు కొందరు చదవలేరు. ఇది నేను కళ్ళారా చూశాను. నాది రెండు ప్రశ్నలు. ఆవిడకు ఏం చెప్పమంటారు? ఇలాంటి బడులను ఇంకా పెంచాలా, ఇంతటితో ఆపాలా? మీరు ఏ పక్షమైనా సరే, కారణం రాయండి.

తాడికొండ_కుర్రాడు:

అక్కా, మొదటి ప్రశ్నకి ఆలోచించడానికి ఏముంది? రేపు పొద్దున్నే వెళ్ళి చేర్చమని చెప్పండి. నేను న్యూజెర్సీలో ఉంటాను, మా పిల్లలు మంచి ఊళ్ళో మంచి ప్రభుత్వ బడికి వెళ్తారు. ఆ బడి ఎందుకు దొరికింది? నేను అక్కడ ఇల్లు కొనగలిగాను కాబట్టి. ఈ దేశంలో ఇంటి ధరే బడి ఫీజు. ఆ ఫీజు కట్టలేని తల్లికి లాటరీలో ఒక తలుపు తెరుచుకుంటే, అది సరైన తలుపా కాదా అని మనలాంటివాళ్ళం కూర్చుని చర్చించడం నాకు బాధగా ఉంది.

సక్సెస్ అకాడమీ అనే చార్టర్ బడుల సంస్థ సంగతి చూడండి. 2006లో హార్లెంలో 165 మంది చిన్నపిల్లలతో మొదలైంది. పెట్టినావిడ ఈవా మాస్కోవిట్జ్, అంతకుముందు సిటీ కౌన్సిల్‌లో విద్యా కమిటీకి అధ్యక్షురాలు. ఈరోజు నగరమంతా కలిపి 50కి పైగా బడులు. 2019 రాష్ట్ర పరీక్షల్లో వాళ్ళ పిల్లల్లో 99% మంది లెక్కల్లో, 90% మంది ఇంగ్లీషులో పాసయ్యారు. నగరం మొత్తం తీసుకుంటే రెండింట్లోనూ సగం కూడా లేదు. చదివేది ఎవరు? ఎక్కువమంది హార్లెం, బ్రాంక్స్, బ్రూక్లిన్ పేటల్లోని పేద పిల్లలు. ఈ పిల్లలకు ఇంతకంటే చదువు రాదులే అని వందేళ్ళుగా అనుకున్న మాట తప్పని ఈ ఒక్క అంకె తేల్చేసింది.

నా సంగతి కూడా చెప్తాను. మా నాన్న ఆటో నడిపేవాడు. ఐదో తరగతిలో ఎంట్రన్స్ రాసి తాడికొండ గురుకులంలో సీటు తెచ్చుకున్నాను. పొద్దున ఐదుకి బెల్లు, వ్యాయామం, స్టడీ అవర్, వరసలో నిలబడి పళ్ళెం పట్టుకోవడం, అన్నీ ఉన్నాయి. క్రమశిక్షణ నన్ను చంపలేదు, నిలబెట్టింది.

నల్లబల్ల:

తమ్ముడూ, ఐదో తరగతిలో పదేళ్ళ పిల్లాడికి ఐదు గంటల బెల్లు వేరు, ఐదేళ్ళ పిల్లని చేతులు కట్టుకోలేదని ఇంటికి పంపించడం వేరు. నేను ఒక చార్టర్‌లో రెండేళ్ళు టీచర్‌గా చేశాను, ఏ ఊరో కూడా చెప్పను. ఒకటో తరగతి. మా గోడ మీద రంగుల చార్టు, ప్రతి పిల్ల పేరుతో ఒక బట్టల క్లిప్పు, తప్పు చేస్తే క్లిప్పు కిందికి జరగాలి. అక్టోబర్ వచ్చేసరికి ఏ క్లిప్పు ఎక్కడుంటుందో పిల్లలందరికీ తెలిసిపోయింది. ఒక పాప పొద్దున వస్తూనే, ఇంకా ఏమీ జరగకముందే, తన క్లిప్పు తనే తీసి ఎరుపు మీద పెట్టేసుకుని వచ్చి కూర్చుంది. ఆ రోజు సాయంత్రం నేను కార్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. రెండో ఏడాది చివర మానేశాను. నాతోపాటు చేరినవాళ్ళలో ఎక్కువమంది అప్పటికే వెళ్ళిపోయారు, పని గంటలు అలాంటివి.

నువ్వు సక్సెస్ పేరెత్తావు కాబట్టి బయటికి వచ్చిన సంగతులే రాస్తాను. 2015 అక్టోబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ఒక వార్త వేసింది. బ్రూక్లిన్ ఫోర్ట్ గ్రీన్‌లోని వాళ్ళ బడిలో ప్రిన్సిపల్ దగ్గర 16 మంది పిల్లల పేర్లతో ఒక జాబితా ఉంది, దాని శీర్షికకు అర్థం "వీళ్ళు వెళ్ళిపోవాల్సిందే" అని. ఆ 16 మందిలో 9 మంది తర్వాత వెళ్ళిపోయారు. అది ఒక ప్రిన్సిపల్ చేసిన తప్పు, మా పద్ధతి కాదు అని సంస్థ చెప్పింది. సరే. కొన్ని నెలలకు, 2016 ఫిబ్రవరిలో, ఒక వీడియో బయటికి వచ్చింది. ఒకటో తరగతి పాప లెక్క ఎలా చేసిందో సరిగా చెప్పలేకపోయిందని టీచర్ అందరి ముందూ ఆ కాగితం రెండు ముక్కలుగా చింపి, పాపని లేచి వెళ్ళి వేరేచోట కూర్చోమంటుంది. దాన్ని తీసింది అదే గదిలో ఉన్న సహాయ టీచర్. అంటే అక్కడ పనిచేసే మనిషికే అది చూసి ఊరుకోబుద్ధి కాలేదు.

99% వెనక ఇవి కూడా ఉన్నాయి, రెండూ కలిపి చూడమంటున్నాను.

లెక్కల_మాస్టారు:

ఇద్దరూ మంచి మాటలే రాశారు, కానీ అసలు ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లలు బడి వల్ల బాగా చదువుతున్నారా, లేక బాగా చదివించుకునే తల్లిదండ్రుల పిల్లలే అక్కడ చేరుతున్నారా? మామూలుగా ఇది తేల్చడం కష్టం. ఇక్కడ లాటరీ ఉంది కాబట్టి ఒక దారి దొరుకుతుంది. దరఖాస్తు పెట్టినవాళ్ళందరూ ఒకే రకం పట్టుదల ఉన్న తల్లిదండ్రులే అనుకుందాం. అందులో చీటీ తగిలినవాళ్ళను, తగలనివాళ్ళను కొన్నేళ్ళ తర్వాత పోల్చి చూస్తే తేడా బడిదే అవుతుంది. తగిలినా చేరనివాళ్ళను, చేరి మధ్యలో మానేసినవాళ్ళను కూడా "తగిలినవాళ్ళ" వైపే లెక్కేస్తారు, అందుకని మధ్యలో పిల్లల్ని వదిలించుకుని అంకె పెంచుకునే అవకాశం ఈ లెక్కలో ఉండదు.

సక్సెస్ మీద ఇలాంటి అధ్యయనం 2017లో ఎమ్‌డీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ చేసింది. చీటీ తగిలిన పిల్లలు మూడో తరగతికి వచ్చేసరికి లెక్కల్లోనూ చదవడంలోనూ ముందున్నారు. బోస్టన్ చార్టర్ల మీద ఎమ్‌ఐటీ ఆర్థికవేత్తలు చేసిన లాటరీ లెక్కల్లో కూడా ఇదే వచ్చింది. కాబట్టి "అంతా ఏరుకున్న పిల్లల వల్లే" అనే వాదన నిలవదు.

అయితే చార్టర్ అన్న పేరుకే మహిమ ఉందనుకోకండి. స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో కేంద్రం 2009లో 16 రాష్ట్రాల లెక్క తీస్తే, లెక్కల్లో పక్క ప్రభుత్వ బడి కంటే మెరుగ్గా ఉన్న చార్టర్లు 17% మాత్రమే, అధ్వానంగా ఉన్నవి 37%. ఆ తర్వాత చెడ్డవి కొన్ని మూతపడ్డాయి, ఉన్నవి మెరుగయ్యాయి. 2015లో నగరాల వరకే చూస్తే చార్టర్ పిల్లలు ఏడాదికి లెక్కల్లో 40 రోజులు, చదవడంలో 28 రోజుల పాఠమంత ముందున్నారు. 2023లో దేశమంతా కలిపి చూస్తే లెక్కల్లో 6 రోజులు, చదవడంలో 16 రోజులు. నగరాల్లోని పేద నల్లజాతి, లాటినో పిల్లలకే ఎక్కువ మేలు జరుగుతోంది, శివార్ల మధ్యతరగతికి అంతగా లేదు.

న్యూయార్క్ చార్టర్లలో ఏది పనిచేస్తోందో డాబీ, ఫ్రయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2013లో విప్పి చూశారు. క్లాసులో పిల్లల సంఖ్య తగ్గించడం, ఒక్కో పిల్ల మీద ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టడం, వీటికీ ఫలితానికీ సంబంధం కనబడలేదు. కనబడినవి ఐదు: టీచర్‌కి తరచూ సలహా ఇవ్వడం, పిల్లల మార్కులు చూసుకుంటూ పాఠం మార్చుకోవడం, చిన్న గుంపుల్లో గట్టి ట్యూషన్, ఎక్కువ పాఠం గంటలు, చదువులోనూ ప్రవర్తనలోనూ పిల్లల మీద పెద్ద ఆశ పెట్టుకోవడం. బడికీ బడికీ ఉన్న తేడాలో దాదాపు సగం ఈ ఐదింటితోనే తేలిపోయింది. క్రమశిక్షణ వీటిలో ఉంది గానీ, చిట్టి చేతులు బల్ల మీద కట్టించడం లేదని గమనించండి. ఈ ఐదూ గోదారి_గట్టు గారి కింది అంతస్తులో కూడా చేయొచ్చు.

అమీర్‌పేట్_అరుగు:

హైదరాబాద్ నుంచి అడుగుతున్నాను, మన కార్పొరేట్ స్కూళ్ళలాంటివేనా ఇవి? ర్యాంకులు, హోర్డింగులు, పిల్లలకి టెన్షన్?

నల్లబల్ల:

లేదండీ, ఫీజు ఒక్క పైసా లేదు. లాభం కోసం నడిపే సంస్థకు న్యూయార్క్‌లో కొత్తగా చార్టర్ ఇవ్వరు. టెన్షన్ సంగతి మాత్రం కొన్నిచోట్ల మీరన్నట్టే ఉంటుంది.

క్వీన్స్_తల్లి:

నేను ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. మా ఆయన టాక్సీ నడుపుతాడు, నేను ఒక కిరాణా షాపులో బిల్లింగ్ చేస్తాను. మా ఇద్దరు పిల్లలూ చార్టర్‌లోనే చదువుతున్నారు, పెద్దాడు నాలుగు, చిన్నది ఒకటి. మీ అందరి మాటలూ విన్నాక నాకు ఒకటే అనిపించింది, ఎవరూ మా ఇంటికి వచ్చి చూడలేదని.

మా జోన్ బడికి, అంటే మా ఇల్లున్న పేటకి కేటాయించిన ప్రభుత్వ బడికి, నేను వెళ్ళి చూశాను. టీచర్లు మంచివాళ్ళే. కానీ మా పెద్దాడికి ఇంకా అక్షరాలు రావట్లేదని నేను కిండర్‌గార్టెన్‌లో అడిగితే "ఇంకా టైముంది, కంగారు పడకండి" అన్నారు. ఏడాది గడిచింది, అదే మాట. చార్టర్‌లో రెండో వారానికే ఫోన్ చేశారు. వాడికి ఏ శబ్దాలు రావట్లేదో రాసిచ్చారు. రోజూ రాత్రి వాడికి చదివి వినిపించి, కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. వాడికి చదివి వినిపిస్తూ నేను నేర్చుకున్నాను. ఒకరోజు సంతకం మర్చిపోతే ఫోన్ వచ్చింది, కోపం వచ్చింది నాకు, షాపులో నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తుంటే మీరేంటి నాకు చెప్పేది అనుకున్నాను. ఆ కోపం ఇప్పుడు లేదు. ఒక బడి వెంటపడి మా పిల్లాడి గురించి అడగడం మాకు అదే మొదటిసారి.

చేతులు కట్టుకుని కూర్చుంటారా అంటే కూర్చుంటారు. మా చిన్నది ఇంటికొచ్చి బొమ్మలన్నిటినీ వరసలో కూర్చోబెట్టి అదే చేయిస్తుంది. నాకు అందులో బాధ కనబడలేదు. గదిలో గొడవ లేకపోతే నా పిల్లకి పాఠం వినబడుతుంది, అంతే నాకు కావాల్సింది. మీ పిల్లలు నిశ్శబ్దంగా ఉన్న ఊళ్ళో చదువుతారు కాబట్టి మీకు ఆ నిశ్శబ్దం ఖరీదు తెలియదు.

గోదారి_గట్టు:

క్వీన్స్_తల్లి గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. "ఇంకా టైముంది" అన్న మాట మా బళ్ళో కూడా అంటారు, నేనూ అన్నాను. అది తప్పని ఒప్పుకుంటున్నాను. టైము లేదు. రెండో తరగతి దాటాక చదవడం పట్టుకోవడం ఎంత కష్టమో నాకు రోజూ కనబడుతుంది.

నాకున్న అసలు బాధ ఇంకోటి, అది ఇప్పుడు కొంచెం స్పష్టంగా చెప్పగలననుకుంటాను. చార్టర్ నుంచి పిల్లలు వెళ్ళిపోవడం గురించే అందరూ మాట్లాడతారు. నిజానికి వెళ్ళిపోవడం మా దగ్గరే ఎక్కువ. నగరపాలక స్వతంత్ర బడ్జెట్ ఆఫీసు 2014లో లెక్క తీస్తే, కిండర్‌గార్టెన్‌లో చేరి మూడేళ్ళ తర్వాత అదే బళ్ళో ఉన్న పిల్లలు చార్టర్లలో 70%, పక్కనున్న ప్రభుత్వ బళ్ళల్లో 61%. పేదవాళ్ళు అద్దె పెరిగితే ఇల్లు మారతారు, బడి మారుతుంది. అది ఎక్కడైనా ఉన్నదే.

తేడా ఎక్కడంటే ఖాళీ అయిన సీటు దగ్గర. మా దగ్గర ఒక పిల్ల సోమవారం వెళ్ళిపోతే బుధవారానికి ఆ కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంటుంది. జోన్ బడి ఎవరినీ కాదనకూడదు. ఫిబ్రవరిలో ఇల్లు లేనివాళ్ళ షెల్టర్ నుంచి వస్తారు, మార్చిలో ఈక్వడార్ నుంచి ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా వస్తారు, రాష్ట్ర పరీక్షకు మూడు వారాల ముందు కూడా వస్తారు. ఈ నగరంలో ఒక ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు లేకుండా గడిపే బడిపిల్లలు లక్షమందికి పైనే. వాళ్ళలో ఏడాది మధ్యలో బడి మారేవాళ్ళు ఎక్కువగా మాలాంటి బళ్ళకే వస్తారు. సక్సెస్ చాలాకాలం నాలుగో తరగతి దాటాక కొత్త పిల్లలను చేర్చుకోలేదు. వెళ్ళినవాళ్ళ కుర్చీలు అలాగే ఖాళీగా ఉండేవి. వాళ్ళ హైస్కూల్ నుంచి 2018లో మొదటి బ్యాచ్ బయటికి వచ్చింది, 16 మంది. 2006లో ఒకటో తరగతిలో ఉన్నది 73 మంది.

మాస్టారు చెప్పిన లాటరీ లెక్క నేను నమ్ముతాను, చదువు నిజంగానే వస్తోంది. కానీ ఏడాది మధ్యలో వచ్చిన పిల్లను కూర్చోబెట్టుకుని మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టే పని ఎవరో ఒకరు చేయాలి కదా. ఆ పని మొత్తం ఒకే బడి మీద పడేసి, సంవత్సరం చివర ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి పేపర్లో వేస్తే, మా టీచర్లకు కడుపు మండుతుంది. పోయిన మార్చిలో వచ్చిన ఒక పాపకి నేను మూడు నెలలు కూర్చుని తన పేరు రాయడం నేర్పాను. జూన్‌లో పేరు రాసింది, కింద గీత కూడా గీసింది. పరీక్షలో దానికి వచ్చింది అన్నిటికంటే కింది లెవెల్. అది మా బడి ఖాతాలో పడింది.

తాడికొండ_కుర్రాడు:

అక్కా, ఖాళీ సీట్ల సంగతి నేను ఆలోచించలేదు, నిజం. దానికి వాళ్ళు చెప్పిన కారణం ఒకటుంది: ఐదో తరగతిలో కొత్తగా వచ్చిన పిల్ల మూడేళ్ళు వెనక ఉంటుంది, మిగతా క్లాసు ఆగిపోతుంది అని. అది పూర్తిగా కొట్టిపారేయలేను. మా గురుకులంలో మధ్యలో ఎవరినైనా చేర్చుకోవడం నేను చూడలేదు. అందరం ఒకేసారి మొదలుపెట్టాం కాబట్టే ఆ చదువు అలా నడిచింది.

కానీ మీరు రాసింది చదివాక మా ఊరి బడి గుర్తొచ్చింది. ఐదో తరగతిలో మేము నలభై మందిమి. నేనొక్కడినే వెళ్ళాను. ఇన్నాళ్ళూ నేను అడిగే ప్రశ్న ఒకటే, నేను ఆగిపోయి ఉంటే మిగతా ముప్ఫై తొమ్మిది మంది బాగుపడేవాళ్ళా? ఎవరూ బాగుపడేవాళ్ళు కాదు, నేను కూడా చెడిపోయేవాణ్ణి. అందుకే ఏ తల్లినీ సీటు వదులుకోమని చెప్పలేను. అయితే నేను వెళ్ళిపోయాక, ఆ బళ్ళో కరెంటు ఎందుకు లేదని మండలాఫీసుకి వెళ్ళి అడిగే మా నాన్న కూడా ఆ బడి సంగతి వదిలేశాడు. ఆయన అడగడం మానేశాక ఇంకెవరూ అడగలేదు. ఇది నాకు ఇవాళే తట్టింది.

లెక్కల_మాస్టారు:

ఈ ఖాళీ సీట్ల ప్రశ్నకు జవాబు లేకపోలేదు. ఏ తరగతిలోనైనా, ఏడాది మధ్యలో అయినా ఖాళీలు నింపుకునే చార్టర్లు ఇదే నగరంలో ఉన్నాయి. చేయగలరని దాంతోనే తెలుస్తోంది. చట్టంలో పెడితే అందరూ చేస్తారు, అప్పుడు మార్కులు కొంచెం తగ్గుతాయి, తగ్గనివ్వండి. 99 కాస్తా 85 అయినా అది గొప్పే, పైగా అందరూ నమ్మే అంకె అవుతుంది.

నల్లబల్ల:

పెంచాలా ఆపాలా అనే రెండో ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. ఈ చార్టర్ ఆలోచనను 1988లో దేశం ముందు పెట్టినవాళ్ళలో ముఖ్యుడు టీచర్ల యూనియన్ నాయకుడు ఆల్బర్ట్ షాంకర్. టీచర్లే చిన్న బళ్ళు పెట్టుకుని కొత్త పద్ధతులు ప్రయత్నించి, పనికొచ్చినవాటిని మిగతా ప్రభుత్వ బళ్ళకు నేర్పాలన్నది ఆయన ఉద్దేశం. కొన్నేళ్ళకే అది దారి తప్పిందని ఆయనే వ్యతిరేకించాడు. నేర్పడం అన్న భాగం ఎక్కడో జారిపోయింది. గోదారి_గట్టు గారూ, ఆరేళ్ళలో పై అంతస్తు టీచర్ ఒక్కరైనా కిందికొచ్చి మీకు ఒక పాఠం చూపించారా? మీవాళ్ళు పైకెళ్ళి చూశారా?

జనం కూడా ఈ విషయంలో రెండుగా చీలిపోయారు. 2016లో మసాచుసెట్స్‌లో చార్టర్ల సంఖ్య మీద ఉన్న పరిమితి పెంచాలా అని ఓటింగ్ పెడితే 62% మంది వద్దన్నారు. అదే ఏడాది నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కొత్త చార్టర్లను కొంతకాలం ఆపమంది. మరి అదే నల్లజాతి తల్లులు వేలమంది లాటరీ లైన్లో ఉన్నారు. ఇద్దరినీ నేను తప్పుపట్టలేను. న్యూయార్క్ నగరంలో 2019కే పరిమితి నిండిపోయింది, 2023లో మూతపడినవాటి లైసెన్సులు 14 తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నేనైతే ఇకమీద ఇచ్చే ప్రతి లైసెన్సుకీ రెండు షరతులు పెట్టమంటాను. ఖాళీలు నింపాలి, ఐదారేళ్ళ పిల్లల్ని సస్పెండ్ చేయకూడదు. ఒప్పుకున్నవాళ్ళకు ఎన్నైనా ఇవ్వండి.

గోదారి_గట్టు:

లేదండీ, ఆరేళ్ళలో ఒక్కరూ రాలేదు. మేమూ వెళ్ళలేదు. మెట్ల దగ్గర గుడ్ మార్నింగ్ చెప్పుకుంటాం. మీరు అడిగాక మా రెండో తరగతి టీచర్‌తో మాట్లాడాను, వాళ్ళు చదవడం నేర్పే గంటలో ఒకరోజు వెళ్ళి వెనక కూర్చుంటానని పైవాళ్ళకు మెయిల్ పెట్టింది. ఇంకా జవాబు రాలేదు.

మా ఎదురింటావిడకు నిన్న రాత్రి చెప్పేశాను, చేర్చమనే చెప్పాను. క్వీన్స్_తల్లి గారి మాటలు నాకు వచ్చినంతలో స్పానిష్‌లో చెప్పాను, ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పాపని ఇంటికి పంపిస్తే ప్రతిసారీ కాగితం మీద రాసివ్వమని అడగాలని, ఊరికే ఫోన్ చేసి తీసుకెళ్ళమంటే ఒప్పుకోవద్దని కూడా చెప్పాను. రెండో ప్రశ్నకు నా జవాబు మాత్రం నల్లబల్ల గారిదే. ఖాళీ సీట్లు నింపాలన్న షరతు లేకుండా మా బిల్డింగ్‌లో ఇంకో అంతస్తు ఇస్తామంటే మీటింగ్‌కి వెళ్ళి మాట్లాడతాను. పేరిచ్చి మైకు ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు, అయినా వెళ్తాను.

ఒక చిక్కు వచ్చిపడింది. ఆ బడి బుధవారాలు టీచర్ల ట్రైనింగ్ కోసమని పిల్లల్ని 12:30కే వదిలేస్తుందట. ఆవిడ రాత్రంతా పనిచేసి పొద్దున పదికి ఇంటికొచ్చి పడుకుంటుంది, బస్సెక్కి అక్కడికి వెళ్ళడానికి గంట. నాకు డ్యూటీ 2:40 దాకా. మీ ఇంట్లో ఎలా చేస్తున్నారు?

క్వీన్స్_తల్లి:

మాకూ బుధవారం తొందరగానే వదిలేస్తారు. మొదటి ఏడాది మా ఆయన టాక్సీ పక్కన పెట్టేసి వెళ్ళేవాడు, ఆ రోజు సంపాదన సగం పోయేది. ఇప్పుడు మా బిల్డింగ్‌లో నలుగురు తల్లులం వంతులేసుకున్నాం, ఒక్కొక్కరం నెలకో బుధవారం సెలవు పెట్టి నలుగురి పిల్లల్నీ తీసుకొస్తాం. తీసుకెళ్ళేవాళ్ళ పేర్లు బడి ఫారంలో ముందే రాయాలి, లేకపోతే పిల్లని ఇవ్వరు. ఆగస్టులోనే రాయించండి. ఆ వీధిలో ఇంకెవరి పిల్లలు చేరుతున్నారో ఆ బడి ఆఫీసులో అడగమనండి, వాళ్ళు నంబర్లు ఇవ్వరు గానీ మన నంబర్ అవతలివాళ్ళకి అందిస్తారు.

గోదారి_గట్టు:

సరేనండీ, ఈరోజే చెప్తాను. ఫారంలో నా పేరు కూడా రాయిస్తాను, నెలకో బుధవారం నేను సెలవు పెడతాను.